కోలారు సీమ చెరువులు: కట్టుబడి వ్యయము, కాపుదల వ్యయము

లక్కూరు కోలారు జిల్లా మాలూరు తాలూకాలో నొక హోబళికి ముఖ్యగ్రామము. ఇంటిలో తెలుగు, కచేరీలో కన్నడము, సరిహద్దు దాటినచో తమిళము వినవచ్చు సీమ యిది. పడమటి దిక్కున హోసకోట మీదుగా దిగివచ్చు దక్షిణ పినాకిని హోసూరు వైపు సాగిపోవుచున్నది. ఆ నదియు, ఉత్తర పినాకినియు, పాలారును నంది దుర్గము, చింతామణి ప్రాంతముల మెట్టలలోనే పుట్టినవి. 2007లో చిక్కబళ్ళాపురము వేరు జిల్లా యగువరకు ఈ జన్మస్థానములన్నియు కోలారు జిల్లాలోనివే. ఇన్ని నదులకు పుట్టినిల్లయ్యు ఈ జిల్లాకు జీవనది యొక్కటియు లేదు. నదులు పుట్టినచోట నీరు నిలువదు. సాలుకు సగటున సుమారు 30 అంగుళముల వాన. అదియు నాలుగైదు మాసములలోనే కురిసి వెళ్ళును. ఆ వానను పట్టి నిలుపుకొనుటకు మన పూర్వులు చెరువులు కట్టిరి. వంక వంకకును చెరువు, చెరువు క్రింద మరియొక చెరువు, ఈ విధముగా వేలకొలది చెరువులు ఈ జిల్లాలో గొలుసులుగా అమరియున్నవి.

ఈ చెరువులను గూర్చి చరిత్రకారులు సాధారణముగా నడుగు ప్రశ్న, వీని నెవరు కట్టించిరి అనునది. శాసనములు ఆ ప్రశ్నకు వలసినన్ని సమాధానములు చెప్పును. అంతకంటె ముఖ్యమైన ప్రశ్న మరియొకటి కలదు. కట్టిన పిదప ఏటేట ఆ కట్టను కాచుటకు, తూమును బాగుచేయుటకు, పూడిక తీయుటకు ధన మెవరిచ్చిరి? ఈ సీమ జలచరిత్రలో బాగోగులన్నియు ఈ రెండవ ప్రశ్నమీదనే ఆధారపడియున్నవని నిరూపించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

శాసనకాలము

బంగారు గనులకు సమీపముననున్న బేతమంగళము చెరువు పాలారుపై కట్టబడినది. ఆ యూరి పూర్వనామము విజయాదిత్యమంగళము; బాణరాజైన విజయాదిత్యుని పేర వెలసినది. క్రీ. శ. 950 ప్రాంతమున నొళంబ ప్రభువగు ఇరివ నొళంబుని కాలమున ఆ చెరువు బాగుచేయబడినట్లు శాసనమువలన తెలియుచున్నది. చెరువు కట్టుట యెంత కీర్తిదాయకమో తెగిన చెరువును నిలుపుట అంతటి కీర్తిదాయకమని ఆనాటివారు భావించిరనుటకు ఇదియే సాక్ష్యము. మైసూరు పురాతత్త్వశాఖాధిపతి లూయీ రైసు 1905లో ప్రకటించిన కోలారు శాసన సంపుటమును తిరుగవేసిన వారికి చెరువు దానములు పెక్కు కనబడును. బిట్టువట్టము, కట్టుకొడగె, దశవందము అను పేర్లతో ఆ దానములు వ్యవహరింపబడినవి.

ఈ పేర్ల భావము గ్రహింపదగినది. చెరువు కట్టించినవానికో, తెగిన కట్టను మరల కట్టినవానికో ఆ చెరువు క్రిందనే కొంత భూమిని పన్ను లేకుండ విడిచిపెట్టుట కట్టుకొడగె. మన రాయలసీమలో దశబంధ మనునదియు ఇదే. పదియవ వంతు అను అర్థము పేరులోనే యున్నను, వంతు చోటుచోటునకు మారుచుండెను. ఇందు ముఖ్యమైన విషయము వంతు కాదు, షరతు. కట్టను కాచునంతవరకే ఆ మాన్యము చెల్లును. రాజు బొక్కసమునుండి ఏటేట రొక్క మీయలేదు. రాబడిలో ఒక భాగమును శాశ్వతముగా వదలుకొనెను. ఆ వదలుకొన్న భాగమే చెరువునకు పోషణనిధి యయ్యెను. నీరు నిలిచినచో ఆ భూమి పండును, పండినచో కాచువానికి లాభము. కట్ట తెగినచో అందరికంటె ముందు నష్టపోవువాడు వాడే.

చెరువు నిర్మాణశాస్త్రమును గూర్చి తెలుగుదేశమున లభించిన శాసనములలో కడప జిల్లా పోరుమామిళ్ళ శాసనము ప్రసిద్ధము. క్రీ. శ. 1369లో మొదటి బుక్కరాయల కుమారుడగు భాస్కరుడు, భవదూరుడను మారుపేరు గలవాడు, అచట అనంతరాజసాగరమును కట్టించెను. దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లు పనిచేసినట్లు శాసనము చెప్పుచున్నది. మంచి చెరువునకు పండ్రెండు అంగములు, ఆరు దోషములు అందు వివరింపబడినవి. ధర్మపరుడును ధనవంతుడును అగు ప్రభువు, జలశాస్త్రమెరిగిన నేర్పరి, గట్టినేల, తీయని నీటి యేరు, నేర్పుగల పనివారు మొదలైనవి అంగములు. కట్ట ఊటపట్టుట, చవుడునేల, నీటికి తగిన పొలమును పొలమునకు తగిన నీరును లేకుండుట మొదలగునవి దోషములు. రెండు రాజ్యముల పొలిమేర యందు చెరువుండుట కూడ దోషములలో నొకటిగా చెప్పబడినది. ఈ దోషము అయిదు శతాబ్దముల తరువాత కోలారు సీమ ననుభవమునకు వచ్చినది.

నీరుగంటి

మాన్యము పొందిన పెద్దరైతు గట్టుపై నిలిచి రాత్రింబవళ్ళు కాపుండడు. ఆ పని నీరుగంటిది. తూము తెరచుట, మూయుట, పొలములకు వంతు ప్రకారము నీరు పారించుట, రాజకాలువలో తుప్పలు కొట్టివేయుట, వానరాత్రి కట్టమీద తిరిగి గండిపడు చోటును ముందుగా పసిగట్టి ఊరిని లేపుట అతని విధులు. నీటిమట్టము కోడిని అందుకొనుచున్నదా లేదా అని చూచువాడును అతడే. పొంగిన నీరు పోవు చోటును తెలంగాణమున అలుగు అందురు, రాయలసీమలో మరువ అందురు, కోలారు సీమలో కోడి అందురు. నీరు తగ్గిన యేట ఎవరి మడి తడుపవలెనో, ఎవరి మడి ఎండబెట్టవలెనో పెద్దల మాటతో నిర్ణయించి అమలుపరచువాడు నీరుగంటి. తన మడి ఎండినను ఊరివారు ఆ తీర్పునకు లోబడుచుండిరి. ఏలయన అతనికి ఆయకట్టులో పక్షపాతము చూపుటకు తావు తక్కువ. అతని జీతము కళ్ళములో ప్రతి రైతు కొలిచి యిచ్చు మేర. దానికి తోడు కొద్దిపాటి మాన్యము.

ఈ యేర్పాటును పొగడువారు దాని రెండవ ముఖమును మరువరాదు. కోలారు సీమలో నీరుగంటులు చాలవరకు దళిత కులములవారు. ఊరికంతకు నీరు పంచువాడు ఆ యూరి బావిలో నీరు చేదుకొనుటకు అర్హుడు కాకుండెను. పని వంశపారంపర్యము, వదలుకొను స్వేచ్ఛ లేదు. కాబట్టి పాతపద్ధతిని యథాతథముగ తిరిగి తెండనుట న్యాయము కాదు. అందలి అన్యాయమును తీసివేసి, అందలి పోషణసూత్రమును నిలుపుకొనుట సాధ్యమై యుండెనా అనునదే ప్రశ్న.

పంతొమ్మిదవ శతాబ్ది

1866లో మైసూరు రాజ్యపు ప్రధాన ఇంజనీరు సాంకీ ఆ రాజ్యపు చెరువులను పరిశీలించి, దేశవైశాల్యములో నూటికి దాదాపు 60 వంతుల నేలపై పడిన నీరు ఏదో యొక చెరువునకు చేరునట్లు ఏర్పాటు జరిగియున్నదని వ్రాసెను. క్రొత్త చెరువునకు చోటు వెదకుటయే కష్టమని ఆయన యాశ్చర్యపడెను. ఇట్టి నేలలో ప్రభుత్వమునకు మిగిలిన పని క్రొత్తకట్టడము కాదు, ఉన్నదానిని కాచుట. కాని 1856లో నేర్పడిన మరామత్తుశాఖ లెక్కలలో కట్టడమునకే పెద్దపీట. కాపుదల రైతుల బాధ్యత యనిరి. ఆ బాధ్యతకు ఆధారమైన మాన్యములను మాత్రము ఇనాము విచారణలలో తరచి తరచి పరీక్షించిరి. సరిహద్దు కావల మద్రాసు ప్రభుత్వము 1858లో నిర్బంధ శ్రమ చట్టము చేసి కుడిమరామత్తును శాసనబలముతో నిలుపజూచెను. రాబడిలో వాటా ఇచ్చి చేయించుకొను పనికిని, శిక్షకు వెరపించి చేయించుకొను పనికిని గల భేదమును ఆ చట్టము గుర్తింపలేదు.

ఇంతలో 1876 మొదలు 1878 వరకు ధాతు కరవు వచ్చెను. 1871లో మైసూరు రాజ్యపు జనసంఖ్య 50,55,412. 1881లో అది 41,86,188. కోలారు సీమ తీవ్రముగా దెబ్బతిన్న సీమలలో నొకటి. కరవు మొదట వాన లేమివలన వచ్చినదే. అయినను వాన వచ్చిన నాడు నీరు నిలుపవలసిన చెరువులు పూడియుండుట, తెగియుండుట ఆ కష్టమును పెంచెను.

1881లో రాజ్యము తిరిగి ఒడయరులకు దక్కిన తరువాత చెరువుల పునరుద్ధరణకు పూనుకొనిరి. అప్పుడు పోరుమామిళ్ళ శాసనము చెప్పిన పొలిమేర దోషము ఎదురయ్యెను. పైనున్న మైసూరు చెరువులు పెరిగినచో దిగువ నున్న తమ ఆయకట్టులకు నీరు తగ్గునని మద్రాసువారు అడ్డుపడిరి. 1892 ఫిబ్రవరిలో రెండు ప్రభుత్వములకు ఒడంబడిక కుదిరెను. అందు చేర్చిన నదులలో పాలారును, రెండు పినాకినులును గలవు. ఆ నదులపై మద్రాసు సమ్మతిలేక క్రొత్త నీటిపారుదల కట్టడములు చేయరాదు. క్రొత్తవాటికి తలుపు మూసికొనిపోయినది గనుక పాతవాటిని కాచుకొనుట మరింత అవసరమయ్యెను.

బంగారము, నీరు

1880లో జాన్ టేలర్ కంపెనీవారు కోలారు గనులలో దిగిరి. తీసిన బంగారముపై నూటికి 5 వంతులు మైసూరు సంస్థానమునకు రాజభాగముగా చెల్లుచుండెను. 1902 జూన్ 30న కావేరిపైని శివసముద్రమునుండి గనులకు విద్యుత్తు వచ్చెను. గనుల చుట్టును చిత్తూరు, ఉత్తరార్కాడు సీమలనుండి వచ్చిన తెలుగు, తమిళ కూలీలతో పట్టణము పెరిగెను. ఆ జనమునకును, గనులకును వలసిన నీటిని బేతమంగళము చెరువునుండి పంపులతో తెచ్చు పథకమును మైసూరు ప్రభుత్వము చేపట్టెను. వడపోత యంత్రములు అమర్చి, గొట్టములు వేసి నీరు పంపిరి. బాణులకాలపు చెరువు ఇరువదవ శతాబ్దిలో యంత్రయుగపు పట్టణమునకు దాహము తీర్చినది. దానికి కాపుదల ఎన్నడును లోపింపలేదు. ఏలయన ఆ నీటికి వెల చెల్లించువారు ఉండిరి, నీరు ఒక్కనాడు ఆగినను అడుగువారును ఉండిరి.

ఆ కాలముననే ఇతర చెరువుల గతి వేరుగా నుండెను. 1903 నవంబరులో పాలారు ఎగువన మైసూరు సీమలోని చెరువులు తెగి, వరద దిగువనున్న వాణియంబాడి పట్టణమును ముంచివేసెను. ఎందరో ప్రాణములు కోల్పోయిరి. ఎగువ కట్టపై పెట్టవలసిన కొద్ది వ్యయము మిగిలించినచో దిగువ నున్నవాడు దానికి వెల చెల్లించును. వాడు వేరొక రాజ్యపు ప్రజ యైనను సరియే. 1911లో మైసూరు ప్రభుత్వము చెరువు పంచాయతీల చట్టము చేసి కాపుదలను గ్రామములకు అప్పగింపజూచెను. అధికారమిచ్చిరి, కాని ఆదాయమీయలేదు. దశబంధములో అధికారమును ఆదాయమును ఒకే పత్రముపై నుండెను.

అదే 1911లో కావేరిపై కన్నంబాడి ఆనకట్ట ఆరంభమయ్యెను. ఆనాటి ప్రధాన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. ఆయన వంశీయుల స్వగ్రామము మోక్షగుండము, పుట్టినది నాటి కోలారు జిల్లాలోని ముద్దేనహళ్ళి. కోలారు గనులకు విద్యుత్తు తరుగకుండ చేయుట ఆ యానకట్ట ప్రయోజనములలో నొకటి. కోలారు బంగారమునకు కావేరి శక్తి వచ్చినది, కోలారు మడికి కావేరి నీరు రాలేదు. ఇది ఎవరి దోషమనుటకు కాదు; భూమి యొక్క వాలు అట్టిది. రాజ్యపు జలధనము పెద్ద కట్టడములవైపు తిరిగిన కాలమున చిన్నచెరువుల సీమ ఎట్లు వెనుకబడెనో చూపుటకు చెప్పితిమి.

మాన్యములు పోయిన పిదప

స్వాతంత్ర్యానంతరము 1954లో వ్యక్తిగత, ఇతర ఇనాముల రద్దు చట్టము, 1961లో గ్రామాధికారముల రద్దు చట్టము వచ్చినవి. పటేలు, శానుభోగు, తోటి, నీరుగంటి మొదలగు వంశపారంపర్య పదవులు ముగిసినవి. సేవకు బద్ధమైన భూమి ఆ సేవకునికి సొంతమగుట గొప్ప సంస్కారము. ముఖ్యముగా నీరుగంటి కుటుంబములకు అది విముక్తి. కాని పదవి పోయిన చోట జీతముగల ఉద్యోగము నిలుపబడలేదు. పని మిగిలెను, చేయువాడు లేడు. చెరువులలో 40 హెక్టారులకు మించిన ఆయకట్టు గలవి చిన్న నీటిపారుదల శాఖకు, అంతకు తక్కువవి పంచాయతీలకు చెందినవి. తూము దగ్గర ఉండువాడు మాత్రము ఎవరికిని చెందినవాడు కాడు. కొన్ని గ్రామములలో నీరుగంటులు పాత అలవాటు చొప్పున పనిచేయుచు వచ్చిరి. మేర మాత్రము క్రమముగా తరిగిపోయెను.

చెరువు క్షీణించిన కొలది రైతు బోరుబావి వైపు తిరిగెను. వంకలలో ఇసుక తరలిపోయినది, మెట్టలమీద నీలగిరి తోపులు పెరిగినవి. 2017లో కర్ణాటక ప్రభుత్వము నీలగిరి నాటుటను నిషేధించునప్పటికి ఆ తోపులు ఈ జిల్లాలో అంతటను నిండియుండెను. బోర్లు వేయి అడుగులు దాటినవి. లోతుపోయిన కొలది నీటిలో ఫ్లోరైడు పెరిగినది. పంపులకు ఉచిత విద్యుత్తు రూపమున ప్రభుత్వధనము పారుచునే యున్నది, కాని అది నీటిని తోడుటకు, నిలుపుటకు కాదు. చెరువు ఊరుమ్మడి సొత్తు; బోరు ఒంటరి రైతు అప్పు. నేడు కోలారు పల్లెలలో శుద్ధజల కేంద్రమునకు బిందె తీసికొనిపోయి నాణెమువేసి త్రాగునీరు పట్టుకొనుట సామాన్యదృశ్యము.

2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూతపడెను. వెలచెల్లించు కంపెనీ పోయెను, పట్టణము మిగిలెను. శతాబ్దమునకు దగ్గరగా లోపమెరుగని బేతమంగళపు ఏర్పాటునకు కూడ అప్పుడు తక్కిన చెరువుల ప్రశ్నయే ఎదురయ్యెను: ఇక పోషణ ఎవరిది?

నేటి పథకములు

ప్రపంచబ్యాంకు ఋణముతో 2002లో కర్ణాటకమున ఆరంభమైన చెరువుల పథకము రైతుల సంఘములు ఏర్పరచి, వారిని వ్యయములో కొంత వాటా చెల్లించుమని కోరెను. 2018 జూన్‌లో బెంగుళూరు కోరమంగల, చల్లఘట్ట లోయల మురుగునీటిని శుద్ధిచేసి దినమునకు 44 కోట్ల లీటర్లు కోలారు చెరువులకు పంపు పథకము మొదలయ్యెను. నీరు మొదట లక్ష్మీసాగరము చెరువును చేరెను. ఆ మురుగు సహజముగా బెళ్ళందూరు, వర్తూరు చెరువుల మీదుగా దక్షిణ పినాకినిలోనికి, అనగా మాలూరు సీమ ప్రక్కనుండి దిగువకు పోవునదే. నురుగు కనిపించి వివాదము న్యాయస్థానముల కెక్కెను. పిమ్మట నీటి సరఫరా సాగినది. మూడవస్థాయి శుద్ధి కావలెనని ప్రజలు కోరుచునే యున్నారు. మార్కండేయ నదిపై యరగోళు ఆనకట్ట ఎన్నో యేండ్ల ఆలస్యము తరువాత 2023 నవంబరులో ప్రారంభమై కోలారు, బంగారుపేట, మాలూరు పట్టణములకు త్రాగునీటి కుద్దేశింపబడినది. పడమటి కనుమలనుండి నీరు తెచ్చు ఎత్తినహొళె పథకమునకు 2014లో 12,912 కోట్ల రూపాయల అంచనా. అది 23,251 కోట్లకు పెరిగినది. 2024 సెప్టెంబరులో దాని తొలిదశ ప్రారంభమైనది.

వీనిలో నొక్కటియు అనవసరమని మా యభిప్రాయము కాదు. దాహము గొన్నవాడు నీరు వచ్చు మార్గములలో ఎంపిక చేయజాలడు. కాని ఎంత దూరమునుండి వచ్చిన నీరైనను చివరకు నిలువవలసినది ఆ పాత చెరువులోనే. కట్ట, తూము, కోడి, కాలువ, వీనిని కాచువాడు లేనిచో వేలకోట్ల నీరు గండిలో పోవును. 2021 నవంబరు వానలకు జిల్లాలో పెక్కు చెరువులు చాలకాలము తరువాత కోడి పారినవి. వాన తన పని తాను చేసినది.

ఆపదకు కావలసిన నీటికి ఆపద రాకముందే వ్యయము చేసి యుండవలెననుటకు అగ్నిప్రమాదముకంటె మంచి ఉదాహరణము లేదు. పూరిండ్ల కాలమున వేసవిలో ఊరికి నిప్పంటుకొన్నచో ప్రక్కనున్న చెరువే దిక్కు. మన కాలమున 2014 మార్చిలో శేషాచలపు అడవి మండినప్పుడు వాయుసేన హెలికాప్టర్లు తిరుమల కొండమీది జలాశయపు నీటిని మోసికొనిపోయి మంటలపై గుమ్మరించినవి. యాత్రికుల దాహము కొరకు దేవస్థానము సిద్ధపరచి కాచుకొన్న నీరది. మంట లేచిన దినమున ఎంత నిధి మంజూరు చేసినను అట్టి నీరు పుట్టదు. కరవును అట్టిదే, అది మెల్లగా కాలు నిప్పు.

ఉపసంహారము

పై చరిత్రవలన మూడు విషయములు తేలుచున్నవి. కట్టుబడి వ్యయము ఎప్పుడును ఎవరో యొకరు ఇచ్చిరి: రాజు, ప్రభుత్వము, గనుల రాబడి, బ్యాంకు. కాపుదల వ్యయము మాన్యరూపమున నిర్ణయమైయున్న కాలమున చెరువులు నిలిచినవి. బేతమంగళమున వెలరూపమున చెల్లిన కాలమున అదియు నిలిచినది. మాన్యమును వెలయు రెండును లేనిచోట చట్టములు, సంఘములు, ఉపదేశములు దాని స్థానమును పూరింపలేకపోయినవి.

2019లో ఆరంభమైన జల జీవన్ మిషన్ ఇంటింటికి కొళాయి నీయబూనినది. గ్రామములు కట్టుబడి వ్యయములో నూటికి 10 వంతులు తమ వాటాగా ఇచ్చి, పోషణభారము వహింపవలెనని దాని నియమము. ఆ నియమము మంచిదే. కాని 1911 చట్టమువలె భారమునిచ్చి ఆదాయము నీయనిచో అదే గతి పట్టును. ఇక మీదట ఏ చెరువునకైనను, ఏ గొట్టమునకైనను నిధి మంజూరు చేయు పత్రములోనే ఏటేటి కాపుదలకు ఏ రాబడినుండి ఎంత, ఎవరికి అని వ్రాయవలెను. తూము దగ్గర నిలుచు నీరుగంటికి కులముతో సంబంధములేని, నెలజీతముగల ఉద్యోగము ఏర్పరుపవలెను. లక్కూరు హోబళి పల్లెలకు వేయేండ్లనాటి దశబంధమునుండి నేర్చుకొనదగినది ఈ యొక్క వాక్యమే. అది రాతిమీద వ్రాసినను, ప్రభుత్వపు ఉత్తరువులో వ్రాసినను ఫలము సమానము.